వరల్డ్ కప్ అందరం కలిసి చూద్దామంటే బెంగళూరులో ఎక్కడ? ఇల్లా, క్లబ్‌హౌసా, టెర్రసా, పబ్బా

2027 అక్టోబరు, నవంబరు నెలల్లో వన్డే వరల్డ్ కప్ దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో జరుగుతుంది. 14 జట్లు, 54 మ్యాచ్‌లు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇండియా మ్యాచ్ అనగానే వచ్చే మొదటి మెసేజ్ ‘ఈసారి పెద్ద స్క్రీన్ పెట్టేద్దాం’. రెండోది ‘ఎక్కడ?’ ఇక అక్కడి నుంచి మూడు రోజులు చర్చ. ఒకరు టెర్రస్ అంటారు, ఒకరు క్లబ్‌హౌస్ అంటారు, పెళ్ళికాని కుర్రాళ్ళు పబ్ అంటారు, చివరికి ఎవరో ఒకరు ‘మా ఇంటికి రండి’ అని తేల్చేస్తారు. ఆ ఇంట్లో ఇరవైమందికి ఒకటే బాత్రూమ్.

ఈ చర్చ తొందరగా తేలాలంటే నా మటుకు ఒకటే పద్ధతి. మ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో పక్కన పెట్టి, ఎప్పుడు ముగుస్తుందో చూడండి. చోటు దానంతట అదే తేలిపోతుంది.

ముందు గడియారం

ఆతిథ్యమిచ్చే మూడు దేశాలదీ ఒకే టైము, మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్కడ పగటి వన్డే మామూలుగా పొద్దున పదింటికి మొదలవుతుంది. మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. డే-నైట్ అయితే అక్కడ ఒంటిగంటకి, మనకి సాయంత్రం నాలుగున్నరకి. ఇన్నింగ్స్‌కి మూడున్నర గంటలు, మధ్యలో ముప్పావుగంట విరామం, మళ్ళీ మూడున్నర గంటలు. ఆ లెక్కన పగటి మ్యాచ్ రాత్రి తొమ్మిదింపావుకి, డే-నైట్ పన్నెండుంపావుకి అయిపోవాలి. ఓవర్లు నెమ్మదిగా వేశారంటే, రివ్యూలు ఎక్కువ తీసుకున్నారంటే ఇంకో పావుగంట, అరగంట కలుపుకోండి.

ఈ రెండు టైముల మధ్యలో రాత్రి పది ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నాలుగు గోడల మధ్య ఉన్న ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు లాంటి చోట్ల లోపలివాళ్ళకి వినిపించేలా పెట్టుకోవడానికి మాత్రం మినహాయింపు ఉంది. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదనేది పరిమితి. పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ, క్రికెట్ మ్యాచ్‌కి అది వర్తిస్తుందన్న ఆశతో స్పీకర్లు బుక్ చేయకండి. బెంగళూరులో పక్కవాళ్ళు గొడవకి రారు, మర్యాదగా 112కి ఫోన్ చేస్తారు. పోలీసులు వచ్చేసరికి ఛేజింగ్ మంచి పట్టులో ఉంటుంది.

టెర్రస్ మోజు

ఫొటోల్లో చూస్తే టెర్రస్‌ని మించింది లేదు. సీరియల్ లైట్లు, చల్లగాలి, గోడకి తెల్లటి తెర, కింద పరుపులు. ఈ ఊరి వాతావరణం కూడా ఊరిస్తుంది. కాస్త లెక్క వేసి చూడండి. పగటి మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్ మొత్తం ఎండలోనే నడుస్తుంది. అద్దెకి దొరికే మామూలు ప్రొజెక్టర్ వెలుగు మూడు, నాలుగు వేల ల్యూమెన్లు. చీకటి గదిలో దానికి తిరుగులేదు. మధ్యాహ్నం మూడింటికి టెర్రస్ మీద అదే ప్రొజెక్టర్ వేస్తే పిచ్ ఏదో అవుట్‌ఫీల్డ్ ఏదో తెలియదు. ఆకుపచ్చంతా పాలిపోయి బూడిదరంగులోకి దిగిపోతుంది, తెల్లబంతి అసలే కనపడదు. బౌలర్ పరిగెత్తడం, బ్యాట్స్‌మన్ బ్యాటు ఊపడం, ఫీల్డర్ ఎటో వెళ్ళడం చూసి ఏం జరిగిందో ఊహించుకోవాలి. అక్టోబరులో ఇక్కడ పొద్దుగూకేది ఆరు ప్రాంతంలో. తెర మీద బొమ్మ నిలబడేసరికి రెండో ఇన్నింగ్స్ మొదలైపోయి ఉంటుంది.

పోనీ డే-నైట్ మ్యాచ్‌కి పెట్టుకుందామా? బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ విరామం అయి రెండో ఇన్నింగ్స్ ఎనిమిదీ ముప్పావుకి మొదలైతే, పదిహేడో పద్దెనిమిదో ఓవర్ల దగ్గరే పది కొడుతుంది. అక్కడి నుంచి స్పీకర్ కట్టేయాలి. మిగిలిన ముప్పై ఓవర్లు మూకీ సినిమా. పగటి మ్యాచ్‌కి బొమ్మ ఉండదు, రాత్రి మ్యాచ్‌కి మాట ఉండదు.

ఎల్ఈడీ వాల్ తెప్పిస్తే ఎండ బాధ తీరుతుంది. అది అడుగుల లెక్కన అద్దెకిస్తారు, ప్రొజెక్టర్ కంటే బాగా ఖరీదు. పలకలన్నీ పైకి మోయించాలి, గాలికి ఊగకుండా ఫ్రేమ్ కట్టించాలి. పైగా వాన. సెప్టెంబరు, అక్టోబరు బెంగళూరుకి వానలెక్కువ నెలలు. సాయంత్రం నాలుగింటికి నిర్మలంగా ఉన్న ఆకాశం ఆరింటికి కుమ్మరించడం ఇక్కడ కొత్తేమీ కాదు. తడిసిన టెర్రస్ మీద ఎక్స్‌టెన్షన్ బాక్సులు, పిట్టగోడ పక్కన పిల్లలు, ఈ రెండిటినీ చూస్తూ మ్యాచ్ ఏం చూస్తాం! ఫిబ్రవరి, మార్చిలో సాయంత్రం టీ20 అయితే టెర్రస్‌కి నేనూ ఓటేస్తాను. అక్టోబరు వన్డేకి వెయ్యను.

క్లబ్‌హౌస్: గొప్పగా కనిపించదు, గట్టెక్కిస్తుంది

ముప్పై నుంచి ఎనభైమంది దాకా, పిల్లాపాపలతో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో చూడాలంటే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ హాలే సరైన చోటు. నాలుగు గోడలున్నాయి కాబట్టి పది దాటినా కామెంటరీ వినొచ్చు. కర్టెన్లు వేస్తే మధ్యాహ్నమైనా ప్రొజెక్టర్ పనిచేస్తుంది. వాన భయం లేదు. నిద్రొచ్చిన పిల్లల్ని లిఫ్ట్‌లో పైకి తీసుకెళ్ళి పడుకోబెట్టి మళ్ళీ వచ్చి కూర్చోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమే చాలామంది ఆడవాళ్ళు క్లబ్‌హౌస్‌కి ఓటేస్తారు, వాళ్ళ మాట వినండి.

ఇబ్బంది అంతా ముందే పడాలి. అక్టోబరు, నవంబరుల్లో ఆ హాలుకి గిరాకీ ఎక్కువ. నవరాత్రి బొమ్మల కొలువు, దాండియా, దీపావళి పార్టీ, నవంబరు 1న కన్నడ రాజ్యోత్సవం, మధ్యలో పుట్టినరోజులు. షెడ్యూల్ విడుదలైన రోజే ఇండియా మ్యాచ్ తేదీలు రాసి కమిటీకి మెయిల్ పెట్టండి. మెయిల్‌లో నాలుగు సంగతులు స్పష్టంగా ఉండాలి. ఎన్ని గంటల దాకా హాలు కావాలి (డే-నైట్‌కి ఒంటిగంట అని రాయండి, పన్నెండు అని రాసి ఆఖరి ఓవర్లో సెక్యూరిటీతో వాదించకండి), బయటివాళ్ళు ఎంతమంది వస్తారు, వాళ్ళ బళ్ళు ఎక్కడ పెడతారు, మర్నాడు శుభ్రం చేయించే బాధ్యత ఎవరిది. అతిథుల పేర్లు గేటు యాప్‌లో ముందే ఎక్కించేయండి. టాస్ టైముకి గేటు దగ్గర పది కార్లు నిలబడి, ఒక్కొక్కరికీ మీరు ఫోన్‌లో అప్రూవల్ ఇస్తూ కూర్చుంటే మొదటి వికెట్ చూడలేరు.

సౌండ్ విషయంలో ఒక చిన్న చిట్కా. పైఫ్లాట్ల వాళ్ళని నిద్రలేపేది కామెంటరీ కాదు, బేస్, అంటే ఆ దడదడమనే లోతు మోత. గోడల్లోంచి, స్లాబుల్లోంచి వెళ్ళేది అదే. మాట్లాడేవాళ్ళ గొంతు వినడానికి బేస్ అక్కర్లేదు. పదింటికి సబ్‌వూఫర్ ప్లగ్ పీకేసి, కిటికీలు మూసేస్తే సగం ఫిర్యాదులు రావు. మిగతా సగం మనవాళ్ళ కేకల వల్ల వస్తాయి, దానికి మందు లేదు.

కరెంటు పోతే జనరేటర్ మీద లిఫ్టులు, కారిడార్ లైట్లు నడుస్తాయి కానీ, హాల్లో ఏ ప్లగ్ పాయింట్లు ఆ లైన్లో ఉన్నాయో ఎలక్ట్రీషియన్‌కే తెలుసు. ముందురోజు అతన్ని పిలిచి ప్రొజెక్టర్, సెట్‌టాప్ బాక్స్, వైఫై రూటర్ మూడూ ఆ పాయింట్లకే పెట్టించండి. క్లబ్‌హౌస్ బేస్‌మెంట్‌లో ఉంటే ఫోన్ సిగ్నల్ సంగతి కూడా అప్పుడే తేలుతుంది. తెర కింది అంచు కూర్చున్నవాళ్ళ తలల కంటే పైన ఉండాలి, నేల నుంచి నాలుగడుగులైనా వదలండి. లేకపోతే స్కోరు కనపడే కింది పట్టీ ముందు వరసవాళ్ళ తలల వెనక దాక్కుంటుంది. పిల్లలకి ముందు జంపఖానాలు, పెద్దవాళ్ళకి గుమ్మం పక్కన కుర్చీలు.

మందు సంగతి. క్లబ్‌హౌస్‌లో పోయాలంటే ఎక్సైజ్ శాఖ దగ్గర సీఎల్-5 అనే ఒకరోజు లైసెన్సు తీసుకోవాలి, కమిటీ ఒప్పుకోవాలి. అంత తతంగం ఎందుకు, హాల్లో మందు వద్దనుకోండి. తాగాలనుకునేవాళ్ళకి పబ్బులున్న ఊరే ఇది.

పబ్ ఎవరికి

ఆరుగురో ఎనిమిదిమందో ఆఫీసు స్నేహితులు, పిల్లల గొడవ లేదు, గుంపులో కేకలు వేస్తేనే మ్యాచ్ చూసినట్టుంటుంది అనుకునేవాళ్ళకి పబ్బే. ఇందిరానగర్, కోరమంగళ, చర్చ్ స్ట్రీట్‌లలో ఇండియా మ్యాచ్ రోజు ఊపు వేరు, అది ఇంట్లో రాదు. తెర, సౌండ్, కరెంటు, ఊడ్చడం ఏదీ మన నెత్తి మీద ఉండదు.

అయితే ఎనిమిది గంటల మ్యాచ్‌కి పబ్ టేబుల్ అంటే ఏమిటో ముందే అడిగి తెలుసుకోండి. బుకింగ్ మొత్తం మ్యాచ్‌కా, స్లాట్‌కా? కొన్నిచోట్ల ఒకే టేబుల్‌ని మధ్యాహ్నం ఒకరికి, సాయంత్రం ఒకరికి ఇస్తారు. విరామంలో లేచి వెళ్ళమంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? కవర్ ఛార్జీ బిల్లులో తగ్గిస్తారా, విడిగా తీసుకుంటారా? కామెంటరీ వినిపిస్తారా, బొమ్మ మాత్రం వేసి డీజే పాటలు పెడతారా? టేబుల్ నుంచి తెర నేరుగా కనిపిస్తుందా, స్తంభం అడ్డమా? చివరిది ఫోన్‌లో తేలదు, ఒకసారి వెళ్ళి చూడాలి.

ఇక్కడ కూడా ముగిసే టైమే కీలకం. బెంగళూరులో పబ్బులు రాత్రి ఒంటిగంటకి మూసేస్తారు, కిచెన్ అంతకంటే ముందే మూతపడుతుంది. డే-నైట్ పన్నెండుంపావుకి అయిపోతే సరే. వానవల్ల గంట ఆలస్యమైతే, సూపర్ ఓవర్ పడితే, అసలైన ఘట్టంలో లైట్లు వేసి బిల్లు చేతిలో పెడతారు. మెట్రో రాత్రి పదకొండు దాటాక ఉంటుందని నమ్ముకోవద్దు. పన్నెండున్నరకి వందలమంది ఒకేసారి క్యాబ్ బుక్ చేస్తారు. తాగి బండి తీద్దామంటే మొదటిసారి దొరికినా పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పగటి మ్యాచ్‌కి ఈ చిక్కులేవీ లేవు, తొమ్మిదిన్నరకల్లా బయటపడి మెట్రోలో ఇంటికి పోవచ్చు. అందుకే పబ్ అంటే పగటి మ్యాచ్‌కే నా ఓటు, జనం మాత్రం డే-నైట్‌కే ఎగబడతారు.

ఇల్లు

పదిమంది లోపైతే ఇంకో ఆలోచన వద్దు. లీగ్ దశలో చిన్న జట్లతో ఆడే మ్యాచ్‌కి హాలు అద్దెకి తీసుకోవడం డబ్బు దండగ. తెర, సౌండ్, హాలు ఖర్చు పదిహేనుమందికైనా అరవైమందికైనా ఒకటే. పాతికమంది లేకుండా ఆ ఖర్చు తలా ఇంత పంచితే గుండె గుభేలుమంటుంది.

అద్దె ఇంట్లో ఉండి, కింద ఓనర్ ఉంటే, పొద్దున్నే దిగి ఓ మాట చెప్పిరండి. చెప్పకుండా చేస్తే తప్పయ్యేది, చెప్పి చేస్తే పండగవుతుంది. వీలైతే వాళ్ళనీ పిలవండి. పీజీ హాస్టళ్ళలో ఉండే కుర్రాళ్ళకి ఇంత బాధ లేదు, కామన్ హాల్లో టీవీ ఉంటుంది. అక్కడి పోరాటమంతా రిమోట్ ఎవరి చేతిలో ఉందనే దాని మీదే.

ఇళ్ళల్లో వచ్చే అసలు తలనొప్పి ఆలస్యం. యాప్‌లో వచ్చే లైవ్, డీటీహెచ్ కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది, ఒక్కోసారి అరనిమిషం దాకా. మన తెర మీద బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టకముందే పక్కఫ్లాట్లో ‘ఓ’ అని అరుపు వినిపిస్తుంది. అరుపు సంతోషందా ఏడుపుదా అని ఆలోచించేలోపు వికెట్ పడిపోతుంది. మన ఉత్కంఠ అంతా పక్కింటివాడి నోట్లో ఉంటుంది. అందుకని ఇల్లైనా క్లబ్‌హౌసైనా డీటీహెచ్ కనెక్షనే మొదట పెట్టుకోండి. కుండపోత వానలో డీటీహెచ్ సిగ్నల్ పోతుంది కాబట్టి యాప్ లాగిన్ చేసిన ల్యాప్‌టాప్ పక్కన సిద్ధంగా ఉంచుకోండి. ఫోన్ల నోటిఫికేషన్లు ఆపేయమని అందరికీ చెప్పండి, స్కోర్ అలర్టు కూడా పక్కింటివాడి లాంటిదే.

మిగతావి క్లుప్తంగా

వందమంది దాటితే పార్టీ హాలు. హాళ్ళవాళ్ళు కనీసం ఇన్ని ప్లేట్లు అని గ్యారంటీ అడుగుతారు, మీ తలల లెక్కలో పదిశాతం తగ్గించి చెప్పండి. వస్తామన్నవాళ్ళందరూ రారు. మల్టీప్లెక్స్‌లో 2023 వరల్డ్ కప్ మ్యాచ్‌లు వేశారు. తెర, సౌండ్ గొప్పగానే ఉంటాయి గానీ, ఎనిమిది గంటలు ఒకే సీట్లో కూర్చుని పాప్‌కార్న్ ధరలు భరించాలి. టర్ఫ్ గ్రౌండ్‌లు బయట ఉన్నట్టే లెక్క, టెర్రస్‌కి చెప్పినవన్నీ వాటికీ వర్తిస్తాయి.

ఒక హెచ్చరిక. ఇంటికి తీసుకున్న ఛానల్, యాప్ సబ్‌స్క్రిప్షన్ ఇంట్లో చూసుకోవడానికే. ఖర్చు తలా ఇంత పంచుకోవడం వేరు, టికెట్ పెట్టి అమ్మడం వేరు. స్పాన్సర్ బ్యానర్ కట్టి, ఐసీసీ లోగో వేసి, ఎంట్రీ ఫీజు పెడితే అది వ్యాపార ప్రదర్శన అవుతుంది, ప్రసార హక్కులున్నవాళ్ళ అనుమతి కావాలి. లోకల్ రియల్ ఎస్టేట్ అన్న స్పాన్సర్ చేస్తానన్నాడని మురిసిపోకండి.

ఇండియా ఉంటుందా అనే బెంగ

లీగ్ మ్యాచ్‌ల తేదీలు ముందే తెలుస్తాయి, నాకౌట్‌లవి తెలిసినా అందులో ఇండియా ఉంటుందో లేదో తెలియదు. 2007లో వెస్టిండీస్‌లో బంగ్లాదేశ్, శ్రీలంకల చేతిలో ఓడి మన జట్టు మొదటి దశలోనే ఇంటికొచ్చేసింది. ఈసారి ఏడేసి జట్ల రెండు గ్రూపులు, తర్వాత సూపర్ సిక్స్, సెమీస్. సెమీస్‌కి హాలు బుక్ చేసేటప్పుడు ‘ఇండియా లేకపోతే అడ్వాన్సు వేరే తేదీకి మార్చుకోవచ్చా’ అని అడిగి, వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. క్యాటరింగ్‌వాళ్ళకి తుది లెక్క రెండు రోజుల ముందు చెప్తానని ముందే ఒప్పందం చేసుకోండి.

వాన మాటకొస్తే, 2019 జూలై 9, మాంచెస్టర్ సెమీస్. న్యూజిలాండ్ 46.1 ఓవర్ల దగ్గర ఉండగా వాన పడి ఆట మర్నాటికి వాయిదా పడింది. బుధవారం ఆఫీసులో కూర్చుని ఫోన్లో చూస్తూ 18 పరుగుల తేడాతో ఓడిపోయాం. 2025 నవంబరు 2న అమ్మాయిల వరల్డ్ కప్ ఫైనల్, మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఆడిన మ్యాచ్, మూడింటికి మొదలవాల్సింది వానవల్ల ఐదింటికి మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. మూడింటికని వేడివేడిగా వేయించిన బజ్జీలు ఐదింటికి ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? రిజర్వ్ డే ఉన్న మ్యాచ్‌కి మర్నాడు కూడా హాలు ఖాళీగా ఉందో లేదో చూసుకోండి.

తిండి విరామాన్ని బట్టి

పగటి మ్యాచ్‌లో విరామం ఐదింటికి వస్తుంది. భోంచేసి రమ్మని చెప్పి, విరామంలో టీ, మిరపకాయ బజ్జీలు, పునుగులు, మద్దూరు వడ పెట్టి, రాత్రి భోజనం మ్యాచ్ అయ్యాక ఎవరిళ్ళల్లో వాళ్ళది అంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. డే-నైట్‌లో విరామం సరిగ్గా ఎనిమిదింటికి, భోజనాల టైముకే వస్తుంది. ముప్పావుగంటలో అరవైమంది తినాలి. ఒకే వరస బఫే పెడితే చివరివాడి ప్లేట్లో బిర్యానీ పడేసరికి రెండో ఇన్నింగ్స్ రెండు ఓవర్లు అయిపోతాయి. టేబుల్‌ని గోడకి ఆనించకుండా మధ్యలో వేసి రెండువైపులా వడ్డించండి, పెరుగన్నం విడిగా ఇంకో మూల పెట్టండి. పిల్లలకి ఏడున్నరకే పెట్టేయండి. డెలివరీ యాప్‌ల మీద ఆధారపడొద్దు, ఆ ముప్పావుగంటలో ఊరంతా అదే పని చేస్తుంటుంది. వంటవాళ్ళ దగ్గర ఒక డేగిసా చెప్పుకుంటే ఏడింటికే వచ్చి కూర్చుంటుంది.

డబ్బు ముందే యూపీఐలో వసూలు చేయండి. ఓడిపోయిన రాత్రి ఎవరినీ డబ్బులడగలేం.

కామెంటరీ ఏ భాషలో అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. క్లబ్‌హౌస్‌లో కన్నడిగులు, తమిళులు, హిందీవాళ్ళు అందరూ ఉంటారు. మనవాళ్ళు ఎక్కువున్నారని తెలుగు పెట్టేస్తే అది కమిటీ మీటింగ్ దాకా వెళ్తుంది. మొదటి ఇన్నింగ్స్ కన్నడ, రెండోది తెలుగు అని ముందే చెప్పేయడం మంచిది. మన కామెంటేటర్ల హడావుడి ఛేజింగ్‌లోనే బాగుంటుంది కాబట్టి రెండో ఇన్నింగ్స్ మనం ఉంచుకోవాలి.

ఫుట్‌బాల్ వాళ్ళకీ ఇదే లెక్క, ఇంకా కఠినంగా. 2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ అమెరికా, కెనడా, మెక్సికోలది కాబట్టి ఫైనల్ కిక్ ఆఫ్ మనకి జూలై 19 ఆదివారం అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి. పబ్ అరగంటలో మూసేస్తారు. అలాంటి టైముకి ఇల్లు, లేదా కిటికీలు మూసిన క్లబ్‌హౌస్ తప్ప గతి లేదు. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ పిచ్చి చూడాలంటే మాత్రం అల్సూరు పక్కన గౌతమపురం వెళ్ళాలి. పీలే విగ్రహం పెట్టుకున్న వీధి అది, మినీ బ్రెజిల్ అంటారు.

గెలిచాక

2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట ఐపీఎల్ విజయోత్సవంలో తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు. ఆ తర్వాత అమ్మాయిల వరల్డ్ కప్ మ్యాచ్‌లే బెంగళూరు నుంచి నవీ ముంబైకి తరలిపోయాయి. ఫైనల్ గెలిస్తే ఎమ్.జి.రోడ్డుకి పోదాం అని ఎవరైనా లేస్తే, అపార్ట్‌మెంట్ ఆవరణలోనే కేకు కోసి, పాటలు పాడుకోమనండి. టపాసుల సంగతి కూడా చూసుకోండి. కర్ణాటకలో దీపావళికే గ్రీన్ క్రాకర్స్, అదీ రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య. పన్నెండున్నరకి పదివేల వాలా అంటిస్తే మళ్ళీ 112.

దీపావళి అంటే గుర్తొచ్చింది. 2023 నవంబరు 12, దీపావళి ఆదివారం నాడే చిన్నస్వామిలో ఇండియా, నెదర్లాండ్స్ మ్యాచ్ పడింది. మనవాళ్ళు 410 కొట్టారు, ఇళ్ళల్లో పూజ ఒకపక్క, టీవీ ఒకపక్క. 2027లో కూడా దసరా, దీపావళి ఈ రెండు నెలల్లోనే వస్తున్నాయి. పండక్కి ఊరెళ్ళేవాళ్ళు వెళ్ళాక అపార్ట్‌మెంట్‌లో మిగిలేది ఎంతమందో గ్రూప్‌లో పోల్ పెట్టి తెలుసుకున్నాకే హాలు సైజు తేల్చండి. మీరే ఊరెళ్ళేవాళ్ళయితే, రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. షెడ్యూల్ పక్కన పెట్టుకుని, ఇండియా మ్యాచ్ ఉన్న రాత్రి బండిలో ఉండకుండా చూసి టికెట్ తీసుకోండి. గుంతకల్లు దాటాక నెట్ వస్తుందో రాదో చెప్పలేం.